అద్దెకున్నవాళ్లు వదిలేసిన పాముని ఎవరికి అప్పగించాలి?

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుడి సూట్‌కేసులో పాములు దొరికాయని మొన్న మీ పత్రిక లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. ఇలాంటివి మీరు వేస్తూనే ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు విమానాశ్రయంలో 10 పసుపు అనకొండలు పట్టుబడ్డప్పుడు కూడా చదివాను. అప్పుడు ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకుని పేజీ తిప్పేశాను. ఈసారి తిప్పలేకపోయాను. పట్టుబడనివి ఎక్కడ తేలతాయో ఈ వేసవిలో నాకు తెలిసొచ్చింది. అలాంటిదొకటి మా ఇంటి రెండో అంతస్తులో ఏడాదిన్నర ఉండి, చివరి పదకొండు రోజులు నా నెత్తిన పడింది.

నేను ఆర్టీసీలో ఇరవై ఆరేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నిజాంపేటలో మాకు చిన్న ఇల్లుంది. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తాం. రెండో అంతస్తులో ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఏడాదిన్నర ఉన్నారు. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. రాత్రిళ్లు గోల లేదు. ఏప్రిల్ చివర్లో ఒకతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని, ఇంకో అతనికి పెళ్లి కుదిరిందని ఖాళీ చేశారు. తాళాలు మా మనవరాలి చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

రెండు రోజులయ్యాక రీడింగ్ రాసుకుందామని మీటర్ల దగ్గరికెళ్తే, ఖాళీ ఇంటి మీటరు మీద ఎర్ర చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. ఫ్యానో గీజరో కట్టేయడం మరిచిపోయారనుకుని పైకెళ్లాను. వెనక గదిలో గోడకి ఆనించి పొట్టి బీరువా లాంటిది, దాని మీద దుప్పటి, దుప్పటి అంచుల్లోంచి పసుపు వెలుతురు. పక్కకి లాగాను.

ముందు గాజు తలుపు కనబడింది. లోపల బల్బు, నీళ్ల తొట్టి, తొట్టి చుట్టూ అది. గోధుమరంగు ఒంటి మీద కాఫీరంగు మచ్చలు వరసగా, తోక దగ్గరికొచ్చేసరికి అవే మచ్చలు ఇటుకరంగుకి తిరిగాయి. నా ముంజేయంత లావుంది. అది కదల్లేదు. నాలుక ఒక్కటే బయటికొచ్చి, గాల్లో రెండుసార్లు ఆడి, లోపలికెళ్లింది. నేనూ కదల్లేదు. కింద నుంచి మా ఆయన "మోటార్ కట్టేశావా?" అని అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ ఇంట్లో ఫ్రిజ్ మాదే. కాళ్లలో వణుకు తగ్గాక వంటింట్లోకి వెళ్లి ఎందుకో డీప్ ఫ్రీజర్ తలుపు తీశాను. ప్లాస్టిక్ డబ్బాలో కవర్లు చుట్టి నాలుగు ఉన్నాయి. కాకరకాయలనుకున్నాను. ఒక కవరు విప్పితే తోక కనబడింది. ఆ ఫ్రిజ్‌ని ఎన్నిసార్లు కడిగానో చెబితే మీరు నవ్వుతారు.

ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకతనికి ఫోన్ చేశాను. "సారీ ఆంటీ, కొత్త చోట పెట్స్‌కి ఒప్పుకోలేదు. సాయంత్రం మా ఫ్రెండ్ వచ్చి తీసుకెళ్తాడు. అదేమీ అనదు ఆంటీ, చాలా మంచిది" అన్నాడు. ఆ సాయంత్రం ఇప్పటికీ రాలేదు. రెండోసారి చేసినప్పుడు మాత్రం ఒక సంగతి చెప్పాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఇరవై అయిదు వేలు పెట్టి కొన్నాడట. గుడ్డ సంచిలో మూతి కట్టి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి, పైన "అక్వేరియం సామాను" అని రాసి, ఒక ప్రైవేటు బస్సులో పార్సిల్ వేశారట. బస్సు డిక్కీలో ఏముందో డ్రైవరుకీ తెలియదు, పైన నిద్రపోతున్న జనానికీ తెలియదు. మా రోజుల్లో కోడిపుంజుని ఎక్కించినా లగేజీ టికెట్ కొట్టేవాళ్లం. శ్రావణంలో ఒకసారి పాములాయన బుట్టతో ఎక్కబోతే నేను చెయ్యి అడ్డం పెట్టి దించేశాను. ఇప్పుడేమో ఆరడుగుల పాము నా నెత్తి మీద ఏడాదిన్నర కాపురం చేస్తే నాకు తెలియలేదు. మూడోసారి నుంచి కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

మర్నాడు పాములు పట్టే స్వచ్ఛంద సంస్థకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో, చాలా ఓపికమంతుడు. గాజు మీద టార్చ్ వేసి పాము మూతి చూశాడు. "అమ్మా, ఇది మన కొండచిలువ కాదు. మన దానికైతే పెదవి మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, తల మీద బాణం ములికి లాంటి మచ్చ ఉంటుంది. దీనికి ఆ గుంటలు కనబడవు, తోక ఎర్రగా ఉంది. ఇది బోవా. అమెరికా ఖండాల పాము" అన్నాడు. విషం లేదని చెప్పాడు. ఇది చుట్టుకుని ఊపిరాడకుండా చేసి చంపుతుందని మనం అనుకుంటాం కదా, నిజానికి ఆ బిగింపుకి ఎలుక ఒంట్లో రక్తం తిరగడమే ఆగిపోతుందట. ఈ సైజు పాము పెద్దవాళ్లని ఏమీ చేయకపోవచ్చు గానీ, పసిపిల్లలున్న ఇంట్లో అదో పెద్ద భయమేనన్నాడు. ఒక్కరే ఉన్నప్పుడు తలుపు తీయకూడదు, ఎలుక వాసనున్న చేతుల్తో దగ్గరికి పోకూడదు, ఎప్పుడైనా చుట్టుకుంటే తోక వైపు నుంచి విప్పుకుంటూ రావాలి, తొట్టి కడిగినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పాముల నుంచి సాల్మొనెల్లా అనే రోగక్రిమి అంటుకుంటుంది. ఇవన్నీ చెప్పి, "మరి తీసుకెళ్లు బాబూ" అంటే తల గోక్కున్నాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. మన హైదరాబాదులో పాము కనబడితే పట్టుకెళ్లేవాళ్లకి లోటు లేదు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్లు 1995 నుంచి ఇదే పని చేస్తున్నారు. జెర్రిపోతో నాగుపామో దొరికితే పట్టి, అటవీ శాఖకి చెప్పి, అడవిలో వదిలేస్తారు. ఆ పాము ఆ అడవిదే కాబట్టి దాని ప్రయాణం అక్కడితో పూర్తయినట్టే. ఈ బోవాకి మన అడవి టెర్మినల్ కాదు. మరి దీన్ని ఎక్కడ దించాలి? ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. "మా దగ్గర పెట్టుకుంటే మాకూ కాగితాలు ఉండాలమ్మా" అన్నాడు. నిజమే కదా.

ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబరిచ్చారు. వాళ్లు, "ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగారు. పాముకి పేరేమిటి, పత్రమేమిటి అని నాకప్పుడు అర్థం కాలేదు. మా మేనల్లుడు వచ్చి చట్టం చదివి చెప్పాడు. విన్నంతలో రాస్తున్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశపు పాముల్ని చూసుకునేది. మన కొండచిలువ ఒకటో షెడ్యూల్లో, అంటే చట్టంలోని మొదటి జాబితాలో ఉంది. దాన్ని పట్టి ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకి తగ్గని జరిమానా. విదేశీ పాముల మాట వచ్చేసరికి, విమానాశ్రయంలో పట్టుబడితే కస్టమ్స్ వాళ్ల కేసు, గేటు దాటిందంటే అప్పట్లో అడిగే నాథుడు ఉండేవాడు కాదు. 2020లో కేంద్రం, మీ దగ్గర ఏముందో మీరే చెప్పండి, ఆరు నెలల్లోగా చెబితే కాగితాలు అడగం అంది. తర్వాత 2022లో చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జంతువులన్నిటినీ నాలుగో షెడ్యూల్లోకి తెచ్చారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బోవాలు, ఆఫ్రికా నుంచి వచ్చే బాల్ పైథాన్ అనే కొండచిలువలు, అనకొండలు అన్నీ అందులో ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 28న నియమాలు వచ్చాయి. అప్పటికే పెంచుతున్నవాళ్లు ఆరు నెలల్లో, కొత్తగా తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో పరివేష్ అనే వెబ్‌సైట్లో వెయ్యి రూపాయలు కట్టి రిజిస్టర్ చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా చెప్పాలి. బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్క ఈతలో ఇరవై ముప్పై పిల్లలు మామూలే. ఆ లెక్కన ఈ నియమం మంచిదే.

కానీ మా పాము విషయంలో చూడండి. కొన్నవాడు రిజిస్టర్ చేయించలేదు. అమ్మినవాడు అడగలేదు. ఇప్పుడు అది నా ఇంట్లో ఉంది. 30 రోజుల్లో నేను దరఖాస్తు పెట్టుకోవాలా? ఎక్కడి నుంచి వచ్చిందంటే ఏం రాయాలి? పెట్టకపోతే తప్పు నాదవుతుందా? ఆ వారం నాకు పాము కంటే ఈ టెన్షనే ఎక్కువైంది.

బస్సులో ఎవరైనా సంచి మరిచిపోతే మేం ఏం చేసేవాళ్లమో చెబుతాను. డ్యూటీ దిగాక డిపోలో అప్పగించి, రిజిస్టర్లో రాయించి, సంతకం తీసుకునేవాళ్లం. అందులో బియ్యం ఉన్నాయా బంగారం ఉందా అని మమ్మల్ని ఎవరూ అనుమానించలేదు. సంచి మాది కాదని అందరికీ తెలుసు. ఈ పాముకి అలాంటి డిపో ఎక్కడుందో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

నాలుగో రోజుకల్లా కాలనీ అంతా తెలిసిపోయింది. వాట్సాప్ గ్రూపులో "మన వీధిలో అనకొండ" అని పెట్టారు. ఒకావిడ చెంబుతో పాలు, పసుపు పట్టుకుని వచ్చింది. పాము పాలు తాగదమ్మా, దానికి అరగవు అంటే నన్నే అదోలా చూసింది. ఇద్దరు మగవాళ్లు కర్రల్తో వచ్చారు. అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన మాత్రం మంచి సలహా అనుకునే ఇచ్చాడు: "చీకటి పడ్డాక ఆటోలో వేసుకెళ్లి అమీన్‌పూర్ చెరువు గట్టున వదిలేద్దాం, పీడా పోతుంది." 2016లో ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువది. చలికాలంలో ఫ్లెమింగోలు దిగే చోట ఈ బోవాని దింపుతారట!

పాముల అబ్బాయికి ఆ మాట చెబితే అతను నిజంగా భయపడ్డాడు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు చిత్తడి నేలల్లోకి బర్మా కొండచిలువలు ఇలాగే చేరాయట. పెంచలేక వదిలేసినవి కొన్ని, 1992 తుపాను గాలికి పెంపక కేంద్రం కూలి బయటపడ్డవి కొన్ని. అవి పెరిగిన చోట రాత్రిపూట రోడ్ల వెంట కనబడే రకూన్లు అనే చిన్న అడవి జంతువులు 99 శాతం దాకా తగ్గిపోయాయని 2012లో పరిశోధకులు లెక్క తేల్చారు. బోవాల సంగతికొస్తే, అరూబా అనే చిన్న దీవిలో 1999లో మొదటిసారి కనబడ్డాయి, ఇప్పటికీ వాటిని వదిలించుకోలేకపోతున్నారు. మన చెరువు గట్టున ఒక్క పాముతో అంత జరుగుతుందని నేను అనడం లేదు. కానీ కడుపుతో ఉన్న ఆడపామో కాదో ఆటోలో తీసుకెళ్లేవాడికి ఎలా తెలుస్తుంది? దాని ఒంటి మీద పురుగులు, రోగాలు మన పాములకి అంటవని పూచీ ఎవరిది?

ఇంతా రాశాక ఆ కుర్రాడి గురించి ఒక మంచి మాట కూడా రాయాలి. పెట్టె పక్కన సొరుగులో ఒక నోటుబుక్కు దొరికింది. ఏడాదిన్నర లెక్క. ఏ తేదీన ఎన్ని గ్రాముల ఎలుక పెట్టాడు, తిన్నదా వదిలేసిందా, కుబుసం ఎప్పుడు విడిచింది, వేడి ఎంత పెట్టాడు. టికెట్ల లెక్క రాసే నా వేబిల్లులు కూడా అంత శుభ్రంగా ఉండేవి కావు. "మార్చి 9: తినలేదు. కళ్లు నీలం. ముట్టుకోవద్దు." కళ్లు నీలమేమిటో నాకు ఆరో రోజున అర్థమైంది. పాము కళ్ల మీద పాలపొర కమ్మినట్టయింది. పోతోందేమోనని కంగారుపడి అబ్బాయికి ఫోన్ చేస్తే, కుబుసానికి ముందు అలాగే అవుతుందమ్మా, నీళ్లు పెట్టి వదిలేయండి అన్నాడు. నాలుగు రోజుల తర్వాత తెల్లారి చూస్తే మూతి దగ్గర మొదలైన పొర మేజోడు తిరగేసినట్టు తోక దాకా ఊడి తొట్టి పక్కన పడి ఉంది. కంటి పొరలతో సహా ఉంది. మా మనవరాలు గుమ్మం దగ్గరే నిలబడి చూసి, "అమ్మమ్మా, దానికి కొత్త డ్రెస్సు" అంది. పాము ఒళ్లు వానకి తడిసిన రాయిలా మెరుస్తోంది. అది చూసినప్పుడు ఆ కుర్రాడికి అంత మోజు ఎందుకో కొంచెం తెలిసింది.

అంటే అతను దాన్ని సరిగ్గా చూసుకోలేదని అనలేం. చివరి రోజున వదిలించుకునే మార్గం మాత్రం అతనికీ దొరకలేదు. పైగా కాగితాలు లేవు కాబట్టి ఎవరికి చెప్పినా కేసు పెడతారని భయం. భయపడ్డవాడు ఏం చేస్తాడు? నాలాంటి ఇంటి ఓనరు నెత్తిన పెడతాడు, లేదా చెరువు చూసుకుంటాడు. బోవాలు ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతాయి. బాల్ పైథాన్లూ అంతే. అమెరికాలో ఒక జూలో 2020లో గుడ్లు పెట్టిన బాల్ పైథాన్ వయసు అరవై రెండేళ్లకి పైనేనట. నా వయసు కంటే ఎక్కువ! పాతికేళ్ల కుర్రాడు ఉద్యోగాలు మారతాడు, ఊళ్లు మారతాడు, పెళ్లి చేసుకుంటాడు, ఆ అమ్మాయి పామో నేనో తేల్చుకో అంటుంది. కొనేటప్పుడు అరచేతిలో పట్టేంత పిల్లని చూపించి అమ్మేవాడు ఇవన్నీ చెబుతాడా?

అందుకే ప్రభుత్వానికి నా మనవి ఒకటే ముఖ్యమైనది. విదేశీ పాముల్ని అప్పగించడానికి నగరంలో ఒక చోటు, ఒక ఫోన్ నంబరు ఉండాలి. జూ పార్కులో పెడతారో, విడిగా షెడ్డు కడతారో వాళ్లిష్టం. తెచ్చి ఇచ్చినవాడి మీద కేసు పెట్టకూడదు. చేతికి రసీదు ఇవ్వాలి. తెగ నష్టపోయిన ఫ్లోరిడా వాళ్లే ఈ పద్ధతి పెట్టుకున్నారు. పెంచలేనివాళ్లు తెచ్చి ఇస్తే జరిమానా లేకుండా తీసుకుని, అర్హత ఉన్నవాళ్లకి పెంపకానికి ఇస్తారు. అక్కడ బర్మా కొండచిలువని కొత్తగా పెంపుడుగా పెట్టుకోవడమే కుదరదు. మనమూ ఆరడుగులు దాటి పెరిగే జాతులకి ముందే పర్మిట్ ఉండాలని, ఇంట్లో పెట్టె, గొళ్లెం చూసిన తర్వాతే ఇవ్వాలని, ఇంటి ఓనరు సంతకం కూడా కావాలని అంటే తప్పేముంది? బైకుకి నంబరు లేకుండా షోరూం వాడు బండి ఇవ్వడు కదా. రిజిస్ట్రేషన్ నంబరు లేని పాముని అమ్మకానికి పెట్టినవాణ్ణి ముందు పట్టుకోవాలి, కొన్నవాణ్ణి తర్వాత చూడొచ్చు. ఆ పరివేష్ దరఖాస్తు ఏదో మీసేవలో తెలుగులో చేయించుకునేలా పెడితే నాలాంటివాళ్లకీ అర్థమవుతుంది. కార్న్ స్నేక్ లాంటి కొన్ని విదేశీ పాములు ఆ నాలుగో షెడ్యూల్లో లేనే లేవని మా మేనల్లుడు అన్నాడు. అవి పెద్దగా పెరగవు గానీ, వదిలేస్తే అవీ పరాయివే.

పదకొండో రోజున ఆఫీసు నుంచి నలుగురు వచ్చారు. గుడ్డ సంచిలో పాముని దించి, మూతి ముడేసి, ప్లాస్టిక్ టబ్బులో పెట్టారు. నేను రసీదు అడిగాను. అలాంటిది ఉండదమ్మా అన్నారు. ఇరవై ఆరేళ్లు టికెట్లు కొట్టినదాన్ని, కాగితం లేకుండా వదులుతానా? గేటు దగ్గర నిలబడ్డాను. చివరికి తెల్ల కాగితం మీద పంచనామా రాసి, నా సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, నాకో జిరాక్సు ఇచ్చారు. "పాము ఒకటి, సుమారు ఆరడుగులు, బతికున్నది" అని ఉంది అందులో. నోటుబుక్కు కూడా వాళ్లకే ఇచ్చాను, తిండి లెక్క తెలియాలి కదా.

మే నెలలో పై పోర్షన్లోకి కొత్తవాళ్లు దిగారు, ఇద్దరు చిన్నపిల్లలున్న కుటుంబం. అగ్రిమెంటులో చేపలు, చిలకలు, కుక్కలు, పాములు అని విడివిడిగా రాయించాను. స్టాంపు కాగితం రాసేవాడు నవ్వాడు, నవ్వనీ.

ఆ గాజు పెట్టె, బల్బు, వేడి చూసే మీటరు మా మెట్ల కింద ఉన్నాయి. అడ్వాన్సు పన్నెండు వేలు కూడా నా దగ్గరే ఉంది. ఆ బాబు ఈ ఉత్తరం చదివితే భయపడకుండా వచ్చి తీసుకెళ్లవచ్చు. పదకొండు రోజుల కరెంటు మాత్రం మినహాయించుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ కండక్టర్,
నిజాంపేట, హైదరాబాద్.
(పేరు ప్రచురించవద్దని మనవి)